బదులు కూత

ఆ పిల్ల నా మంచె మీద కూర్చుని, ఫోన్లో పటం చూపించి, "మీ బొడ్డడవిలో ఒక గిబ్బన్ల జంట ఉంది పెద్దమ్మా" అన్నప్పుడు నేను పైపు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది. నాకు అబద్ధాలాడే అలవాటు లేదు. ఊళ్లో ఎవర్నయినా అడగండి, ఈ నో పోలా ఉన్నమాట మొహాన్నే అనేస్తుందని సగం మంది నన్ను చూసి పక్కదారి పడతారు. ఆ పూట మాత్రం నా నోరు నా మాట వినలేదు.

పిల్ల పేరు ఇంగ్. పట్నంలో కోతుల చదువు చదువుతోంది. పోయినేడు కూడా వచ్చింది గానీ అప్పుడు నేను దాని కంటపడలేదు. మా చిన్నాన్న కొడుకు తామ్లాని, ఇద్దరు విద్యార్థుల్ని మూడు గుట్టల మీద కూర్చోబెట్టి, తెల్లారుతూనే గిబ్బన్లనే తోకలేని కోతులు ఏ దిక్కున కూస్తే ఆ దిక్కు దిక్సూచితో చూసి రాయించుకుంది. మూడు గుట్టల నుంచి మూడు గీతలు గీస్తే అవి ఎక్కడ కలుస్తాయో అక్కడ గిబ్బన్ ఉన్నట్టు. అడవిలో కాలు పెట్టకుండానే లెక్క తేలిపోతుంది. మగది కూస్తే ఒక గుర్తు, ఆడది కూస్తే ఇంకో గుర్తు, ఒకదానికొకటి బదులిస్తూ కూస్తే జంట. అలా మా బొడ్డడవి మీద ఎర్రచుక్క పెట్టి, జంట అని రాసుకుని వెళ్లిపోయింది.

అక్కడ జంట లేదు. మగది ఒక్కటే. ఆడది నేను.

మా బొడ్డడవి పెద్దదేం కాదు. ఊళ్లో బిడ్డ పుడితే, బొడ్డు ఊడగానే తండ్రి దాన్ని వెదురు గొట్టంలో పెట్టి తీసుకెళ్లి ఒక చెట్టుకి కడతాడు. ఇక ఆ చెట్టు ఆ బిడ్డది. దాని మీద గొడ్డలి పడితే బిడ్డ మంచాన పడుతుంది. అందుకే చుట్టూ కొండలన్నీ మొక్కజొన్న కోసం బోడిగుండ్లయిపోయినా ఆ రెండు లోయల మేర చెట్లు నిలబడ్డాయి. ఈమధ్య పార్కువాళ్లు దాన్ని తమ పటంలో కలుపుకుని ఆకుపచ్చ రంగు వేసుకున్నారు, తామే నీళ్లు పోసి పెంచినట్టు. అవతల పెద్ద అభయారణ్యంలో గిబ్బన్లు బోలెడున్నాయి. మధ్యలో మూడు కోసుల మొక్కజొన్న. గిబ్బన్ నేల దిగి నడిచొచ్చే జాతి కాదు. ఇవతలిది ఇవతలే, అవతలిది అవతలే.

ఒకప్పుడు ఇక్కడా జంట ఉండేది. నల్లోడు, వాడి పెళ్లాం తెల్లది. తొమ్మిదేళ్ల కిందట ఎవరో పైఊరివాళ్లు తుపాకులతో వచ్చి తెల్లదాన్ని కాల్చారు. తల్లిని కాలిస్తే చంకలో పిల్ల దొరుకుతుంది, అమ్ముకోవచ్చు, అదీ వాళ్ల ఆశ. పిల్ల కూడా తల్లితోపాటే కిందపడి చచ్చిపోయింది. వాళ్ల చేతులు పడిపోను.

ఆడ గిబ్బన్ కూత నాకు పదేళ్లప్పుడే పట్టుబడింది. పోడులో పిట్టల్ని తోలమని మంచె మీద కూర్చోబెడితే, పొద్దుపోక నేర్చుకున్నాను. అడుగు నుంచి మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో మెట్టే ఎక్కించి, పైన గొంతు చిరిగిపోతుందేమో అన్నంతదాకా తీసుకెళ్లి, మళ్లీ జారవిడవాలి. అంతా ఒక్క ఊపిరిలోనే. పావోని కట్టుకున్నాక ఆ కూతకి ఒక పని దొరికింది. ఆయన అవతలి వాలులో కలుపు తీస్తుంటే, అన్నం ఉడకగానే నేను మంచె మీంచి కూసేదాన్ని. ఆయన మగ గిబ్బన్‌లా కొసన వణికించి బదులిచ్చి, కొడవలి నడుముకి దోపుకుని వచ్చేవాడు. ఇరవై రెండేళ్ల కాపరంలో మా ఇద్దరికీ 'అన్నానికి రా' అన్న మాటతో పని పడలేదు. "ఇల్లెందుకే మీకు, చెట్టెక్కి కాపరం చేసుకోండి" అనేది మా వదిన. ఊరంతా నవ్వేది. నవ్వితే నవ్వారు.

పదకొండేళ్ల కిందట నాలుగు రోజుల జ్వరంతో పావో పోయాడు. తర్వాత రెండేళ్లు నేను కూయలేదు. ఎవరికోసం కూయాలి?

అప్పుడే తెల్లదాన్ని చంపారు. నల్లోడు రోజూ పొద్దున్నే కూసేవాడు. కూసి, ఆగేవాడు. ఆడది తన పెద్ద కూత ఎత్తుకోవాల్సిన చోట, దానికి చోటిచ్చి ఆగేవాడు. అక్కడ ఏమీ వినిపించేది కాదు. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుని, మళ్లీ సరిగ్గా అక్కడే ఆగేవాడు. నేను పొయ్యి ఊదుకుంటూ వినేదాన్ని. నెలరోజులు అలా విన్నాను. ఒకనాడు వాడు ఆగిన చోట నాకు తెలియకుండానే నా గొంతు లేచింది.

అడవి ఒక్కసారి గప్‌చిప్ అయిపోయింది. తర్వాత వాడు కొసన వణికించి బదులిచ్చాడు. నేను పొయ్యి ముందే కూలబడి భోరుమన్నాను. రెండేళ్లుగా నాకు ఎవరూ బదులివ్వలేదు మరి.

అది మొదలు, తొమ్మిదేళ్లు. వానొస్తే వాడూ కూయడు, నేనూ కూయను. పొలం పని లేని రోజుల్లో కూడా ఊళ్లోంచి లేచి మంచెకి పోయి మరీ కూసేదాన్ని. వాడు అడవి అంచున మేడిచెట్టు దాకా వచ్చి కూర్చునేవాడు. నేను మనిషినని వాడికి తెలియదా అంటే, ఎలా తెలియకుండా ఉంటుంది? నా చొక్కా, నా బుట్ట, నా పైపు అన్నీ చూస్తూనే ఉండేవాడు. చూసి కూడా బదులిచ్చేవాడు. పొద్దున్నే పలకరించే మగాడంటూ నాకు ఒకడున్నాడు. వాడు చెట్టు మీద ఉంటాడు, నేను మంచె మీద ఉంటాను, అంతే కదా తేడా.

ఈ ఏడు ఇంగ్‌తో రావాల్సిన విద్యార్థి ఒకడు జబ్బుపడ్డాడు. మూడో గుట్ట మీద కూర్చోవడానికి మనిషి కావాలంటే తామ్లా నా పేరు చెప్పాడు. అందుకని ఆ పిల్ల నా మంచెకి వచ్చింది. జావ పోస్తే తాగింది, మిరపకాయ నూరుడు వేస్తే కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగి వేయించుకుంది. నాకు నచ్చింది. అప్పుడే పటం తీసి జంట మాట చెప్పింది. ఆ తర్వాత ఫోన్లో ఇంకో బొమ్మ చూపించింది.

"ఇది ముక్. పన్నెండేళ్లుంటాయి."

తెల్లటి ఆడ గిబ్బన్, కొమ్మని రెండు చేతులా వాటేసుకుని కెమెరా వైపు చూస్తోంది. సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో టూరిస్టులు ఫొటోలు దిగడానికని దానికి గౌను తొడిగి, మెడకి పట్టీ వేసి ఎనిమిదేళ్లు కట్టేశారట. విడిపించి, ఒక సంరక్షణ కేంద్రంలో నాలుగేళ్లుగా చెట్టెక్కడం, పండు కోసుకోవడం నేర్పుతున్నారట.

"అన్నీ వచ్చేశాయి పెద్దమ్మా. ఒంటరి మగది ఉన్న అడవి దొరికితే చాలు, తీసుకెళ్లి కలిపేయొచ్చు. రెండేళ్లుగా వెతుకుతున్నాం. మగది ఉన్నచోట అడవి లేదు, అడవి ఉన్నచోట జంట ఉంది. జంట ఉన్నచోట వదలకూడదు."

"దొరక్కపోతే?"

"ఈ వేసవితో వెతకడం ఆపేస్తారు. ఇక జన్మంతా బోనే." బొమ్మని వేలితో పెద్దది చేసి చూసుకుంది. "మీ బొడ్డడవి అయితే ఎంత బావుండేదో. పండ్లున్నాయి, వేటగాళ్లు లేరు. ఏం చేస్తాం, జంట ఉంది."

నేను పైపు దులిపాను. పొగాకు నింపాను. మళ్లీ దులిపాను.

మర్నాడు పొద్దున్నే నల్లోడు కూశాడు, నేను బదులిచ్చాను. మానేద్దామనే పడుకున్నాను రాత్రి, ఒట్టు. వాడు ఆగిన చోట నా వల్ల కాలేదు. ఎనిమిదింటికి ఇంగ్ ఊళ్లోంచి పరుగున వచ్చింది.

"విన్నావా పెద్దమ్మా? ఆడది ఎంత ఆరోగ్యంగా ఉందో! ఆ గొంతులో బలం చూశావా? మంచి వయసులో ఉంది."

జావ నాకు పొలమారింది. ఆ పిల్ల నా వీపు తట్టి నీళ్లిచ్చింది.

రెండు రోజులు అలాగే గడిపాను. దాచడమెందుకు, నాకు ఈర్ష్యగా ఉంది. యాభయ్యారేళ్ల ముసల్దాన్ని, ఫొటోలో కోతిని చూసి ఈర్ష్యపడ్డాను. వాడికి పెళ్లాం వస్తే నాకేం మిగులుతుంది? పొద్దున్నే లేచి దేనికి పొయ్యి వెలిగించాలి? ఇంకో పక్క నా మనసే నన్ను తిట్టింది. తొమ్మిదేళ్లుగా నువ్వు వాడికి ఇచ్చిందేంటే? ఒక కూత. వాడి వీపు మీద పేలు తీశావా? చలికి పక్కన కూర్చున్నావా? పిల్లల్ని కన్నావా? వాడు ఏ చెట్టు మీద ఒక్కడే ముడుచుకుని పడుకుంటాడో కూడా నీకు తెలియదు. అక్కడ సముద్రం ఒడ్డున గౌను తొడుక్కున్న పిల్ల జన్మంతా ఇనుప చువ్వలు చూస్తూ కూర్చోవాలి, నీకు పొద్దున్నే ఒక పలకరింపు కావాలి కాబట్టి.

మూడోనాడు లెక్క మొదలైంది. చీకటితోనే మూడో గుట్ట ఎక్కాం, ఇంగ్, నేను. రెండో గుట్ట మీద తామ్లా వైర్‌లెస్ పట్టుకుని కూర్చున్నాడు. దిక్సూచి ఎలా పట్టుకోవాలో ఇంగ్ నాకు నేర్పింది. తెలతెలవారుతుండగా నల్లోడు మొదలుపెట్టాడు. ఇంగ్ దిక్కు చూసి రాసుకుంది. వాడు ఆగాడు. ఇంగ్ పెన్సిల్ ఎత్తి పట్టుకుంది.

ఏమీ లేదు.

వాడు మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు. ఇంగ్ మొహంలో రంగు మారింది. "మొన్న బాగానే కూసిందిగా. ఏమైంది పెద్దమ్మా? ఎవరైనా ఏమైనా చేశారంటావా?" అంటూ లేచి నిలబడింది. నిజంగానే భయపడుతోంది. లేని ఆడదాని కోసం ఆ పిల్ల అడవిలోకి పరుగెత్తబోతుంటే ఇక చూడలేకపోయాను.

"అమ్మాయ్, ఆ దిక్సూచి నా మీద పెట్టు."

"ఏంటీ?"

"పెట్టవే, చెబుతాను."

వాడు మూడోసారి ఆగాడు. నేను లేచి నిలబడి, కళ్లు మూసుకుని కూశాను. అడుగు నుంచి పైదాకా, పైనుంచి కిందికి. కళ్లు తెరిచేసరికి ఇంగ్ నోరు తెరుచుకుని ఉంది. లోయలోంచి నల్లోడు కొసన వణికించాడు.

వెంటనే వైర్‌లెస్ గురగురమంది. తామ్లా గొంతు. "రెండో గుట్ట. ఆరూ పదికి ఆడది. ఏంటమ్మాయ్, పోలక్క ఇవాళ గుట్ట మీంచి కూసింది?"

ఇంగ్ వైర్‌లెస్ అందుకుంది. "బాబాయ్, నీకు తెలుసా ఇది?"

"ఏది? పోలక్క కూయడమా? ఊరందరికీ తెలుసు."

"మరి పోయినేడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా. ఆడగొంతు వినిపిస్తే గీత పెట్టమన్నావు, పెట్టాను. అక్కని కూడా లెక్కేస్తున్నారు కాబోలు, మంచి మర్యాద తెలిసిన పిల్ల అనుకున్నాను."

ఇంగ్ పెన్సిల్ విసిరికొట్టింది. నేల మీద కూలబడి తల పట్టుకుంది. "నా రెండేళ్ల పని! చచ్చాను. ఒక్క చుక్క పోతే పోయింది, మిగతా చుక్కల సంగతేంటి? ఇంకెన్ని ఊళ్లలో ఎంతమంది పెద్దమ్మలు కూస్తున్నారో నాకేం తెలుసు?"

"నాలా ఎవత్తీ కూయలేదు. ఆ భయం పెట్టుకోకు."

"నవ్వొస్తోందా నీకు? మొన్న నీ ఎదురుగా కూర్చుని జంట ఉందని చెబితే గుడ్లప్పగించి చూశావే! అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెబితే వాడు నాకు దక్కడు కాబట్టి" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల బుర్రలో అసలు సంగతి వెలిగింది. "అయితే... పెద్దమ్మా, అయితే ముక్..." అంది. అవునే మొద్దూ, ఎందుకు చెప్పాననుకున్నావు, అన్నాను. వెక్కి వెక్కి ఏడుస్తూ నన్ను వాటేసుకుంది. నాకు అలాంటివి అలవాటు లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక దిక్సూచి పట్టుకుని నిలబడ్డాను.

కాయితాలు తిరగడానికి తొమ్మిది నెలలు పట్టింది. మనిషి బిడ్డ పుట్టినంత కాలం. ఈలోపు ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడిగారు. మా పెద్దాయన, ఊరి పూజలన్నీ చేసే ఎనభయ్యేళ్ల మనిషి, అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"దాని బొడ్డు ఎక్కడ కట్టారు?"

పార్కు అధికారి ఇంగ్ వైపు చూశాడు, ఇంగ్ నా వైపు చూసింది. "ఎక్కడా కట్టలేదు తాతా. అది ఎక్కడ పుట్టిందో కూడా తెలియదు" అంది ఇంగ్.

"మరి బొడ్డు లేనిది బొడ్డడవిలో ఎలా ఉంటుంది?"

రెండు గంటలు ఇదే వాదన. చివరికి దాని మెడ నుంచి కోసి తీసిన పట్టీ కేంద్రంలో దాచి ఉంచారని తెలిసింది. ఇంగ్ దాన్ని తెప్పించింది. అరిగిపోయిన తోలుముక్క, లోపలి వైపు ఇంకా నాలుగు తెల్ల వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. పెద్దాయన దాన్ని వెదురు గొట్టంలో పెట్టి, కట్టడానికి తండ్రి లేడు కాబట్టి నా చేతికిచ్చాడు. నేరేడు చెట్టుకి కట్టి వచ్చాను. మా వదిన ఊరుకుంటుందా? "సవతికి బొడ్డు కట్టిన ఆడదాన్ని ఇదే చూడటం" అంది. ఊళ్లో ఆడాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ముక్ వచ్చే ముందురోజు చీకటితోనే ఇంగ్ నన్ను పక్కకి పిలిచింది. "రేపట్నుంచి నువ్వు కూయకూడదు పెద్దమ్మా. ఒక్కసారంటే ఒక్కసారి కూడా. నువ్వు కూస్తే వాడు నీ దగ్గరికే వస్తాడు, దాని మొహం చూడడు. వానలు పడేలోపు ఇద్దరూ కలిసి పాడాలి. పాడలేదనుకో, దాన్ని వెనక్కి పట్టుకుపోతారు."

"ఎన్నిసార్లు చెబుతావే? నాకేం చెవుడా?"

ఆ పొద్దున్న కుట్టుపూల చొక్కా తొడుక్కుని మంచెకి వెళ్లాను. ఎవరైనా చూస్తే పెళ్లికి పోతున్నాననుకునేవారు. ఏడుసార్లు కూశాను. ఏడుసార్లూ వాడు బదులిచ్చాడు. మేడిచెట్టు మీదకొచ్చి, ఒక చేత్తో కొమ్మ పట్టుకుని వేలాడుతూ నన్ను చూశాడు. "ఇదే ఆఖరురా" అని చెప్పాను. వాడికేం అర్థమవుతుంది? ఎనిమిదోసారి ఎత్తుకుని ఆగాడు. నేను మంచె దిగి వచ్చేశాను.

ముక్‌ని చెట్ల మధ్య పెద్ద బోనులో మూడు వారాలు ఉంచి, తర్వాత తలుపు తీశారు. నేను ఊళ్లో ఇంట్లోనే ఉండిపోయాను. తామ్లా రోజూ వచ్చి కబురు చెప్పేవాడు.

"ఇవాళ బోను దాటింది. వాడు దూరంగా కూర్చుని చూశాడు."

"ఊఁ."

"ఇవాళ ఒకే చెట్టు మీద తిన్నారు."

"ఊఁ."

"పాడిందా అని అడగవేం?"

"పాడితే నాకు వినబడదా?"

అది పాడలేదు. ఎనిమిదేళ్లు గొలుసు కట్టించుకున్న దానికి పాటెక్కడ గుర్తుంటుంది? జనవరి, ఫిబ్రవరి గడిచాయి. వాడు మాత్రం రోజూ కూసేవాడు. ఊళ్లోకి సన్నగా వినిపించేది. వాడు ఆగిన ప్రతిసారీ నేను చేతిలో పని వదిలేసి, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకునేదాన్ని. "నీ మంచె వైపే తిరిగి కూస్తున్నాడక్కా" అని తామ్లా చెప్పాడు. వాడిని తిట్టి పంపించేశాను, పాపం వాడేం చేశాడు.

మార్చిలో నల్లోడు కూయడం మానేశాడు. ఒక రోజు, రెండు రోజులు, పదకొండు రోజులు. పన్నెండోనాడు తామ్లా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, వాడు తిండి సరిగ్గా తినట్లేదు. పొద్దస్తమానం మేడిచెట్టు మీదే ఉంటున్నాడు. ఒక్కసారి కూయి. ఆ పిల్ల పట్నంలో ఉంది, ఎవరు చెబుతారు? నేను చెప్పను."

నేను లేచి వెళ్లాను. కూద్దామనే వెళ్లాను, మీతో అబద్ధమెందుకు. మంచె ఎక్కేసరికి వాడు అక్కడే ఉన్నాడు, ఒళ్లు చిక్కిపోయి. నన్ను చూడగానే కొమ్మ మీద నిటారుగా లేచాడు. పదకొండు రోజుల తర్వాత గొంతు విప్పాడు. మెల్లగా, బతిమాలినట్టు ఎత్తుకుని, ఆగాడు.

నా ఒళ్లంతా ఆ కూత అయిపోయింది. పొట్టలోంచి లేచి గొంతు దాకా వచ్చేసింది. నా చెయ్యి నేనే కరుచుకున్నాను. వాడి వెనకాల, ఇంకో చెట్టు మీద, తెల్లగా ఆ ముక్ కూర్చుని ఉంది. అదీ నా వైపే చూస్తోంది, ఏం చెయ్యాలో తెలియని కొత్తకోడల్లా. ఇప్పుడు నేను కూశానంటే అది మళ్లీ బోనుకే. నేను వాడికి వీపు తిప్పి మెట్లు దిగాను. వెనక వాడు ఇంకోసారి ఎత్తుకుని, ఆగాడు. తిరిగి చూడలేదు. చూస్తే కూసేదాన్ని. ఇంటికొచ్చేసరికి చేతి మీద పంటిగాట్లలో నెత్తురుంది. తామ్లా చూసి పసుపు తెచ్చిచ్చాడు.

సరిగ్గా ఐదోరోజు పందులకి తవుడు కలుపుతున్నాను. నల్లోడి గొంతు వినిపించింది. వాడు ఆగాడు. నేను తలగుడ్డ కొస అందుకున్నాను.

ఆ ఖాళీలో ఏదో బొంగురుగా మొదలైంది. పాత మోటారు పంపు స్టార్టయినట్టు రెండుసార్లు గరగరమని ఆగింది. మళ్లీ మొదలై, ఎగుడుదిగుడుగా పైకెక్కి, మధ్యలో ఊపిరి తీసుకుంది దద్దమ్మ, అయినా వదలకుండా పైదాకా వెళ్లి జారింది. నల్లోడు ఒక్క క్షణం ఊరుకున్నాడు. తర్వాత కొసన వణికించాడు.

తవుడు నేలపాలయింది. పందులు నా కాళ్ల మీద నుంచే ఎగబడ్డాయి. వీధిలో వాళ్లంతా బయటికొచ్చి నిలబడి వింటున్నారు, మా వదినతో సహా. ఎవరూ నవ్వలేదు. సంతోషమేనా అని తర్వాత ఇంగ్ ఫోన్లో అడిగితే, సంతోషమేనే అన్నాను. నిజంగానే సంతోషం. కాకపోతే ఆ రోజు నేను అన్నం వండుకోలేదు.

వానలొచ్చాయి, పోయాయి. ముక్ అక్కడే ఉంది. ఇంగ్ పటంలో ఎర్రచుక్క కొట్టేసి మళ్లీ పెట్టింది, ఈసారి నిజం చుక్క. కొండవరి పండింది. కోతలకి నేను మళ్లీ మంచెకి మకాం మార్చాను. అప్పటికి ఆ ఇద్దరూ రోజూ పాడుతున్నారు. నేను పొయ్యి ఊదుకుంటూ వినేదాన్ని. ముక్ గొంతు బాగుపడింది, ఒప్పుకోవాలి.

ఒక పొద్దున్న మంచు బాగా పట్టి, వాళ్లు ఇంకా లేవలేదు. కొత్తబియ్యం అన్నం ఉడికింది. మూత తీస్తే వాసన. పావో కలుపు తీసే అవతలి వాలు కేసి చూశాను. పిలవడానికి అక్కడ ఎవరూ లేరు. పదకొండు నెలలు మూసుకున్న నోరు. ఇప్పుడు వాళ్లిద్దరూ ఒకటైపోయారు కదా, ఒక్కసారి కూస్తే ఏం పోతుంది, వాడు ఒక్కసారి బదులిస్తే చాలు కదా అనిపించింది. నా మీద నాకే జాలేసింది. కూశాను.

అడవి గప్‌చిప్ అయింది.

తర్వాత కొమ్మలు విరిగిన చప్పుడు. మంచులోంచి ఇద్దరూ దూసుకొచ్చారు. ముందు ముక్, వెనక వాడు. ముక్ మేడిచెట్టు మీదికి దూకి, ఎండుకొమ్మ విరిచి కిందపడేసి, నన్ను చూసి అరిచింది. వేరే ఆడది తమ అడవి అంచుకొచ్చి కూసిందంటే ఏ జంటైనా అదే చేస్తుంది. నాకు తెలియనిదా? ఆడది అరుస్తుంది, మగాడు వచ్చి తన పెళ్లాం పక్కన నిలబడతాడు.

నల్లోడు వచ్చి దాని పక్కన నిలబడ్డాడు. నా కళ్లలోకే చూస్తూ రెండు చేతులా కొమ్మ పట్టుకుని ఊపాడు, పో పో అన్నట్టు. నన్ను గుర్తుపట్టలేదేమో. గుర్తుపట్టే తరిమాడేమో. ముక్ పెద్ద కూత అందుకుంది, కొసన వాడు వణికించాడు.

"సరే లేవయ్యా, పోతున్నా" అన్నాను.

వాళ్లు చాలాసేపు పాడారు. నేను కుండ దించి, ఒక్కదానికి సరిపడా వడ్డించుకుని, అవతలి వాలుకి వీపు తిప్పి కూర్చుని తిన్నాను.